ఉమ్ ఓడ, నలభై అయిదు రూపాయలు



ప్రతి ఏటా ఈ సంచికకు పిల్లల చదువు గురించి ఒక వ్యాసం రాసివ్వడం నాకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు "మాస్టర్ సాబ్, చరిత్ర మీద రాయండి" అన్నారు. లేపాక్షిలో చరిత్ర అంటే అందరికీ వీరభద్రస్వామి గుడి, విరుపణ్ణ, నేలకు ఆనని స్తంభం, పెద్ద బసవన్న గుర్తొస్తాయి. వాటి మీద రాసినవాళ్లు నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్లు. నేను మా ఇంటి చరిత్ర రాస్తున్నాను. ఉర్దూ మీడియంలో చదువుకొని, ఉర్దూలోనే పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోవలసిందిగా మనవి.

విషయం మొదలైంది చరిత్రతో కాదు, భూమితో. మాకు ఊరి బయట రెండెకరాల మెట్ట ఉన్నది. వానొస్తే చెనక్కాయ, రాకపోతే కంపచెట్లు. ఇన్నాళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు హిందూపురం రోడ్డు పక్కన ధరలు పెరిగాక మా చిచ్చా కొడుకులు అమ్ముదామన్నారు. పాత రికార్డు తీయిస్తే భూమి మా పర్‌దాదా పేరు మీదే ఉన్నది. ఆయన మా అబ్బాకు తాత. ఆయన వారసులం మేమే, వేరే ఎవ్వరూ లేరు అని కాగితం రాసి అందరం సంతకాలు పెట్టాలి. నా వంతు వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఎందుకంటే మా పర్‌దాదా ఈ ఊళ్లో చనిపోలేదు. ఆయన ఎక్కడ చనిపోయాడో, అక్కడ మళ్లీ నికా చేసుకున్నాడో, బిడ్డలున్నారో మాకెవరికీ తెలియదు. ఉంటే షరియత్ ప్రకారం వాళ్లూ వారసులే. "లేరు" అని నేనెట్లా రాసేది?

మా ఇంట్లో ఆయన గురించి మంచిమాట వినలేదు. దాదీ బతికున్న రోజుల్లో ఆమెను అడిగితే, "నలభై అయిదు రూపాయల అప్పుచేసి, తీర్చలేక ఓడెక్కి పారిపోయినాడంట. నలభై అయిదు రూపాయలకు మా అత్త బతుకు పాయె" అనేది. ఆ మాట ఆమె తన అత్త నోట, అంటే మా పర్‌దాదీ నోట విన్నది. నా చిన్నప్పుడు ఎవరైనా పిల్లవాడు లెక్క తప్పితే, చిల్లర పోగొడితే "నలభై అయిదు రూపాయలోడి రక్తం" అని పెద్దవాళ్లు తిట్టేవాళ్లు. నేనూ తిన్నాను ఆ తిట్టు.

ఇంకా ఏమి తెలుసు మాకు? చాలా తక్కువ. ఆయన బండివాడు. హిందూపురం నుంచి బెల్లం, చింతపండు ఎద్దులబండి మీద బెంగుళూరుకు తోలేవాడు. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే పోయినాడు. ఆయనతో కలిసి పోయిన పక్క ఊరి మనిషి ఒకడు అయిదారేళ్లకు తిరిగొచ్చి మా పర్‌దాదీకి నాలుగు మాటలు చెప్పినాడు. ఒకటి, ఓడ పేరు 'ఉమ్'. రెండు, ఈద్ చాంద్‌ను నడిసముద్రంలో ఓడ మీదనుంచే చూసినారు. మూడు, దిగినచోట అన్నీ చెరుకు తోటలు. నాలుగు, ఆయన మీద నలభై అయిదు రూపాయలు పడినాయి, అందుకే రాలేదు. ఇంతే. మావాళ్లు ఆ ఊరు రంగూన్ అనుకున్నారు. ఆ రోజుల్లో సముద్రం దాటినవాడల్లా రంగూన్ పోయినట్టే లెక్క.

అయితే రంగూన్‌కు చెరుకు తోటల కోసం ఎవరూ పోలేదు. అక్కడికి మన కోస్తావాళ్లు కాకినాడ, విశాఖపట్నం నుంచి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పనికి పోయేవాళ్లు. చెరుకు అంటే మారిషస్, నాటాల్, ఫిజీ. నాటాల్ అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. మూడింటికీ మద్రాసు నుంచి మన మనుషులు పోయినారు. అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి పోవడం. ఆ ఒప్పందాన్నే 'గిర్‌మిట్' అన్నారు. అంటే అగ్రిమెంటు అన్న మాట మన నోట్లో నలిగి అట్లా అయింది.

మరి మూడింటిలో ఏది? ఇక్కడ ఓడ పేరు పనికొచ్చింది. బెంగుళూరులో పనిచేసే మా అక్క కొడుకు, నేను సెలవుల్లో కూర్చుని ఓడల పుస్తకాలు వెతికినాం. మేము తెలుసుకున్న చిత్రమైన సంగతి ఏమంటే, ఆ కాలపు ఓడల కంపెనీలు తమ ఓడలకు పేర్లు ఒక పద్ధతిగా పెట్టేవి. మనం ఇంటిపేరు పెట్టుకున్నట్టే. నౌర్స్ కంపెనీ ఓడలకు ఎక్కువగా నదుల పేర్లు: గ్యాంజెస్, సట్లెజ్, చీనాబ్. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల పేర్లు చాలావరకు 'ఆ' శబ్దంతో ముగుస్తాయి: సాంథియా, సంగోలా, ఫజిల్కా. ఈ రెండు కంపెనీల ఓడలూ ఫిజీకి నడిచినాయి. ఫిజీకి మద్రాసు నుంచి మొదటి ఓడ 1903లో పోయిన ఎల్ఫిన్‌స్టన్. పెద్దవాళ్లకు జ్ఞాపకం ఉండే రజూలా ఓడ కూడా బ్రిటిష్ ఇండియా వాళ్లదే; 1926 నుంచి దాదాపు యాభై ఏళ్లు, ఎక్కువకాలం మద్రాసు, పినాంగ్, సింగపూర్ మధ్య తిరిగింది.

ఇక లండన్‌లో బుల్లార్డ్ కింగ్ అనే కంపెనీ ఒకటి ఉండేది. దాని పేరే నాటాల్ లైన్. వాళ్ల ఓడల పేర్లు చూడండి: ఉమ్‌జింటో, ఉమ్లాజీ, ఉమ్‌వోటి, ఉమ్‌కుజీ, ఉమ్‌ఫులి, ఉమోనా. అన్నింటికీ ముందర 'ఉమ్'. మావాళ్లు ఇన్నేళ్లు దాన్ని అరబ్బీ 'ఉమ్మ్' అనుకున్నారు, అమ్మ అనే అర్థంలో. 'అమ్మ ఓడ ఎక్కినాడు' అని పాటలాగా చెప్పుకునేవాళ్లు కూడా. అది అరబ్బీ కాదు, జూలూ. ఆ దేశంలోని నదుల, ఊళ్ల పేర్లు అవి. తిరిగొచ్చిన మనిషికి పేరు పూర్తిగా నోరు తిరగక మొదటి ముక్క ఒక్కటే చెప్పినట్టున్నాడు. ఆ ఒక్క ముక్కతో మారిషస్ పోయింది, ఫిజీ పోయింది. మిగిలింది నాటాల్.

నాటాల్ సంగతి మనవాళ్లకు గాంధీగారి వల్ల కొంత తెలుసు. ఆయన్ని పనికి పిలిచింది దాదా అబ్దుల్లా కంపెనీ అనీ తెలుసు. 1896 డిసెంబరు 18న గాంధీగారు కుటుంబంతో డర్బన్ రేవు చేరిన కూర్‌లాండ్ ఓడ కూడా ఆ దాదా అబ్దుల్లా కంపెనీదే. దానితోపాటు నాదిరీ అనే ఇంకో ఓడ. ప్లేగు పేరు చెప్పి, తెల్లవాళ్ల గొడవకు భయపడి రెండు ఓడల్నీ 1897 జనవరి 13 దాకా రేవు బయటే నిలబెట్టినారు. అయితే ఆ ఓడల్లో ఉన్నది టిక్కెట్టు కొనుక్కుని పోయిన గుజరాతీ వర్తకులు, వాళ్ల బంధువులు. మా పర్‌దాదా లాంటివాళ్ల ఓడలు వేరు. మనవాళ్లు 'దక్షిణాఫ్రికా ముస్లిములు' అనగానే వర్తకుల్నే తలుచుకుంటారు. 1881లో డర్బన్ గ్రే స్ట్రీట్‌లో జుమా మసీదు వెలసింది వర్తకుల చొరవతోనే, నిజం. కాని వాళ్లకంటే ముందే మద్రాసు కూలీల్లో ముస్లిములు అక్కడ దిగినారు. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి పోయిందే. అందులో 342 మంది. డర్బన్‌లో దర్గా ఉన్న బాద్‌షా పీర్ కూడా ఆ ఓడలోనే కూలీగా వచ్చినారని అక్కడివాళ్ల నమ్మకం. ఆయన 1894లో చనిపోయినారు.

1860 నుంచి 1911 దాకా 384 ఓడల ప్రయాణాల్లో 1,52,184 మంది నాటాల్ చేరినారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. ముస్లిములు అందులో కొద్దిమంది. ఇప్పటికీ అక్కడ మద్రాసువైపు ముస్లిముల సంతానాన్ని 'హైద్రాబాదీలు' అంటారట. హైద్రాబాదు ముఖం చూసినవాళ్లు అందులో ఎందరో! మనలాగా దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్లు కాబట్టి ఆ పేరు అంటుకుంది. మొహర్రం వస్తే అక్కడ తోటల కూలీలు హిందువులూ ముస్లిములూ కలిసి తాజియాలు ఎత్తేవాళ్లు. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగ చూసిన మన జిల్లావాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

ఇప్పుడు నలభై అయిదు రూపాయల సంగతి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కూలీకి జీతం మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంచి అయిదో ఏట పద్నాలుగు. తిండి, గుడిసె యజమాని ఇవ్వాలి. అయిదేళ్లు అయ్యాక చాలామంది అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించుకోవడం, చిన్న వ్యాపారాలు చేసుకోవడం మొదలుపెట్టినారు. అది తెల్లవాళ్లకు గిట్టలేదు. 1895లో చట్టం చేసినారు. ఆ చట్టం తర్వాత వచ్చినవాడు అయిదేళ్లు నిండినాక మళ్లీ ఒప్పందం రాయాలి, లేదా తిరుగు ఓడ ఎక్కాలి. ఈ రెండూ కాకుండా స్వతంత్రంగా ఉంటానంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. మగవాడొక్కడే కాదు, భార్య, పదహారేళ్లు దాటిన కొడుకు, పదమూడేళ్లు దాటిన కూతురు, తలా మూడు పౌన్లు. నా విద్యార్థులకు ఇచ్చే లెక్కలాగే ఇదీ వేయండి: ఆ కాలంలో ఒక పౌనుకు పదిహేను రూపాయలు. మూడు పౌన్లకు ఎంత?

నలభై అయిదు.

ఆయన అప్పు చెయ్యలేదు. ఎగ్గొట్టి పారిపోలేదు. పోకముందు ఆయన మీద లేని డబ్బు అది. పోయిన తర్వాత, అయిదేళ్లు గడిచాక, ప్రభుత్వం తల మీద వేసిన పన్ను. తిరిగొచ్చిన మనిషి ఆ మాటే చెప్పినాడు, 'నలభై అయిదు రూపాయలు పడినాయి' అని. మనవైపు రూపాయలు 'పడినాయి' అంటే అప్పు పడినట్టే కదా. వినేవాళ్లు అట్లా అర్థం చేసుకున్నారు. వందేళ్లు ఒక మనిషిని దొంగను చేసినాం. ఆ పన్ను కోసమే 1913లో బొగ్గు గనుల్లో, చెరుకు తోటల్లో వేలమంది పని మానేసి జైళ్లకు పోయినారు. 1914లో రద్దు అయ్యింది.

ఇక్కడ ఇంకొక మాట కూడా రాయాలి, మావాళ్లకు నచ్చకపోయినా. ఆ చట్టం ప్రకారమే తిరుగు ప్రయాణం ఖర్చు ప్రభుత్వం పెట్టుకునేది. కావాలంటే ఊరికే ఓడెక్కి రావచ్చు. ఆయనతో పోయిన మనిషి అట్లానే వచ్చినాడు. పన్ను కట్టయినా అక్కడే ఉంటానని అనుకున్నాడంటే దానికి కారణం ఏదో ఉంటుంది. పన్ను ఆయన్ని ఆపలేదు. దొంగ కాదని తేలింది, అంతే. భార్యను వదిలేసినాడన్న మాట అట్లాగే ఉన్నది.

ఎందుకు పోయినాడు అన్నది కొంత ఊహించగలను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు మన జిల్లాను గుల్ల చేసింది. మళ్లీ 1891లో, మళ్లీ 1896లో కరువు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా చేసినారు కాని వానను ఎవరు విడదీసి ఇవ్వగలరు? పైగా 1890ల్లో గుంతకల్లు నుంచి హిందూపురం మీదుగా బెంగుళూరుకు రైలు పడింది. బెల్లం, చింతపండు రైలెక్కినాయి. దూరాబారం బండి తోలేవాడికి పని పోయింది. ఇది నా ఆలోచన మాత్రమే. కాని ఎద్దులబండి పని పోగొట్టిన ఆ రైలే ఆయన్ని మద్రాసుకు చేర్చి ఉంటుంది.

మద్రాసులో డిపో. అక్కడ డాక్టరు చూపు, టీకాలు, మెడలో నంబరు బిళ్ల. ప్రతి నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉంటేగాని ఓడ కదలనివ్వరాదని రూలు. ఆడవాళ్ల లెక్క నిండేదాకా మగవాళ్లు డిపోలో గంజి తాగుతూ కూర్చునేవాళ్లు. తర్వాత సుమారు మూడు వారాల ప్రయాణం. దిగినచోట ప్రతి మనిషికీ ఒక నంబరు రాసి, పట్టీలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు నమోదు చేసేవాళ్లు. ముస్లిములకు కులం గడిలో ముసల్మాన్ అని. తెలుగు హిందువులకు ఆ గడిలో చాలాచోట్ల 'జెంటూ' అని రాసినారు. మద్రాసులో తెల్లవాళ్లు తెలుగువాళ్లకు పెట్టిన పేరు అది. ఆ పట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. డర్బన్‌లో విశ్వవిద్యాలయంవాళ్లు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించినారు.

అయినా లక్షన్నర మందిలో ఒక బండివాణ్ణి వెతకడం ఎట్లా? ఇక్కడ ఈద్ చాంద్ ఆదుకుంది. మా దాదా పుట్టింది శుభకృతు నామ సంవత్సరం చివరలో, అంటే 1903 ఉగాదికి కొంచెం ముందు. తండ్రి పోయేనాటికి బిడ్డ పారాడుతున్నాడని దాదీ మాట. లేదు, నడుస్తున్నాడని చిచ్చా మాట. పారాడితే హిజ్రీ 1321 రంజాన్, నడిస్తే 1322 రంజాన్. లెక్క కడితే ఈదుల్ ఫితర్ 1903లో డిసెంబరు 21 ప్రాంతంలో, 1904లో డిసెంబరు 9 ప్రాంతంలో వస్తుంది. ఆ రెండు చాంద్‌రాత్రుల్లో మద్రాసుకూ డర్బన్‌కూ మధ్య సముద్రం మీదున్న ఓడ ఏదో చూడాలి. మా అక్క కొడుకు పట్టీల్లో తేదీలు చూసి రెండు ప్రయాణాలు తీసినాడు. ముస్లిం పేర్లు వరసగా చదివినాం. మద్రాసు గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే అట్లా రాసినాడు. హిందూపురం ఎన్ని రకాలుగా రాయవచ్చో నాకు అప్పుడే తెలిసింది. చదువుతూంటే ఒక్కోచోట గొంతు పట్టుకుంటుంది: పదేళ్ల పిల్ల, పక్కన తల్లి పేరు లేదు, తండ్రి పేరు లేదు.

ఇద్దరు మిగిలినారు. ఒకతనికి ఊరు సరిపోతుంది, తండ్రి పేరు వేరు. ఇంకొకతనికి పేరు, తండ్రి పేరు, వయసు సరిపోతాయి, ఊరు అర్థం కాదు. ఇద్దరూ వేర్వేరు ఓడలు. రెండో అతని మచ్చల గడిలో కుడి మోకాలి కింద పాత గాయం అని ఉన్నది. మా దాదీ చెప్పిన ఒక ముక్క అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పర్‌దాదాను ఒకసారి బండి చక్రం తొక్కిందని. ఏ కాలు అని నేను చిన్నప్పుడు అడగలేదు. అడిగితే చెప్పేదేమో. ఓడ పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చులో పడితే మా ఇంట్లో అదే నిజమైపోతుంది. అసలు పట్టీ నకలు కోసం డర్బన్‌కు రాసినాం. మనిషి చనిపోతే, తిరిగిపోతే, పని మారితే పట్టీలో చివర రాసేవాళ్లు. అది చూడాలి.

మా పర్‌దాదీ సంగతి రాయకుండా ముగించలేను. భర్త పోయేనాటికి ఆమెకు ఇరవై కూడా లేవు. భర్త జాడ తెలియని మనిషిని ఫిఖ్‌లో మఫ్‌ఖూద్ అంటారు. హనఫీ మజహబ్‌లో పాత పద్ధతి ప్రకారం అతని ఈడువాళ్లంతా పోయేదాకా, మామూలుగా తొంభై ఏళ్ల వయసు లెక్కపెట్టేవాళ్లు, భార్య ఎదురుచూడాలి. ఇమామ్ మాలిక్‌గారి మాట ప్రకారం నాలుగేళ్లు. మన దేశపు హనఫీ ఉలమాలు కూడా ఈ విషయంలో మాలికీ మాటను తీసుకోవచ్చునన్నారు. మౌలానా అష్రఫ్ అలీ థానవీగారు 1930ల్లో ఇందుకోసమే గ్రంథం రాసినారు. 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చి, నాలుగేళ్లు భర్త ఆచూకీ లేకపోతే భార్య కోర్టుకు పోయి విడుదల పొందవచ్చునని చెప్పింది. ఆ చట్టం వచ్చేసరికి మా పర్‌దాదీకి యాభై దాటినాయి. ఆమెకు ఎవరు చెప్పేది? చెప్పినా ఎందుకు? గాజులు తీయలేదు, బేవా అనిపించుకోలేదు, సుహాగన్ అనీ అనిపించుకోలేదు. ఇళ్లల్లో జొన్నలు దంచి కొడుకును పెంచింది. పెళ్లిళ్లకు పిలుపు వచ్చేది కాదు, శుభం కాదని.

ఈ సంచికలో ఆమె కోసం కూడా రాస్తున్నాను. మన ఇళ్లల్లో ఇప్పుడు గల్ఫ్ పోయి ఫోన్ కూడా చెయ్యని మగవాళ్లున్నారు. వాళ్ల భార్యలకు ఆ నాలుగేళ్ల మాట తెలియాలి. సొసైటీ మహిళా విభాగంవారు చదివి వినిపిస్తే సంతోషిస్తాను.

పెద్దలకు ఒక మనవి. మీ ఇంట్లో కూడా 'రంగూన్ పోయినాడు', 'టాపుకు పోయినాడు' అన్న ముత్తాత ఉండవచ్చు. ముసలివాళ్లు బతికుండగానే ఈ నాలుగూ అడిగి రాసిపెట్టుకోండి: ఆయన తండ్రి పేరు, ఒంటి మీద మచ్చ, ఓడ గురించి వినబడిన ఏ ముక్కైనా సరే ఎట్లా వినబడిందో అట్లాగే, ఏ పండుగకు ముందో వెనకో పోయినది. తప్పుగా పలికిందని సరిచెయ్యవద్దు. మా ఇంట్లో ఎవరైనా చదువుకున్నవాడు 'ఉమ్'ను సరిచేసి ఉంటే నాకు ఏమీ మిగిలేది కాదు. ఆదివారం జొహర్ తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను, రండి, పట్టీలు కలిసి చూద్దాం.

భూమి కాగితం నా దగ్గరే ఉన్నది. ఏడేళ్లు కబురు లేకపోతే మనిషి చనిపోయినట్టే లెక్కకట్టవచ్చునని సాక్ష్యపు చట్టం చెబుతుంది, వకీలు కూడా అదే అన్నాడు. చనిపోవడం గురించి నాకు అనుమానం లేదు, వారసుల గురించే. మా చిచ్చా పెద్దకొడుకు మొదట కోపం చేసినాడు, "రెండెకరాలకు ఆఫ్రికా నుంచి ఎవరొస్తారు భాయ్" అని. నలభై అయిదు రూపాయల లెక్క కాగితం మీద వేసి చూపించినాక చాలాసేపు మాట్లాడలేదు. డర్బన్ నుంచి నకలు వచ్చేదాకా ఆగుదామని అతనే అన్నాడు.